సైదులుకు తీసుకెళ్లిన కిర్రు చెప్పులు

మా అనంతపురం జిల్లా వాళ్లకు పారే నీళ్లు కనబడితే చాలు, చెప్పులు విడిచి దండం పెట్టేస్తాం. ఏట్లో నీళ్లొచ్చాయంటే పనులు మానుకొని పిల్లాజెల్లాతో చూసి రావడానికి పోయే జనం మేము. అలాంటి నేను నీళ్ల ఒడ్డున నిలబడి నోటికొచ్చినట్టు తిట్టింది మొన్న వానాకాలంలోనే. తిట్టింది నీళ్లను కాదు, మా ఆయన్ను.

ఆ ప్రయాణం ఎట్లా జరిగిందని అడిగినవాళ్లందరికీ చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. అంగన్‌వాడీలో టీచరుగా చేసి రిటైరైన దాన్ని, నాలుగు ముక్కలు రాయడం రాకపోలేదు. అందుకే కూర్చున్నాను. మా ఆయన ఓబులేసు పక్క గదిలో కాలు దిండు మీద పెట్టుకొని టీవీ చూస్తున్నాడు. గాయం ఇంకా పూర్తిగా మానలేదు. సాయంత్రం కట్టు మార్చాలి. ఆలోగా ఎంత రాస్తే అంత.

మా ఆయన లారీ డ్రైవరు. మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం ఎత్తుకొని మా వైపు తెచ్చేవాడు. ఆ దారిలోనే ఇద్దరు స్నేహితులు దొరికారు. ఒకరు కోదాడ వెంకటేశ్వర్లు, ఇంకొకరు నిడమనూరు దగ్గరి సైదులు. ముగ్గురూ డ్రైవర్లే. స్టీరింగులు వదిలేసి ఇళ్లలో కూర్చున్నాక కూడా ఫోన్లు మానలేదు. సైదులు ఫోనెత్తితే మా ఇంట్లో గోడలకు కూడా వినబడేది, అంత గొంతు.

షుగరు మా ఆయన కాళ్లను తినేసింది. పాదాల్లో స్పర్శ లేదు. ఎడమ కాలి చిటికెన వేలు ఎప్పుడో తీసేశారు. డాక్టరు చెప్పింది ఒకటే మాట: "ఇంట్లో కూడా చెప్పుల్లేకుండా అడుగు వెయ్యొద్దు. నీ కాలికి నొప్పి తెలియదు, నీ కళ్లకే తెలియాలి. ఇంకో గాయమైతే ఈసారి వేలితో పోదు." అందుకని మెత్తటి రబ్బరు అడుగున్న షుగరు చెప్పులు రాసిచ్చాడు. ప్రతి సాయంత్రం ఆయన అరికాళ్లు దీపం కింద తిప్పి తిప్పి చూడటం నా పని. ఆయనకది చిరాకు. "నా కాళ్లు నీకు పరీక్ష పేపర్లయిపోయినాయి" అంటాడు.

ఇక కిర్రు చెప్పుల సంగతి. మందపాటి తోలు పొరలు పొరలుగా వేసి కుట్టి, ఆముదం తాగించి చేసే చెప్పులవి. అడుగు వేస్తే కిర్రుమంటాయి. సైదులుకు వాటి మీద మోజు. పోయిన ఎండాకాలం ఫోన్ చేసి, "ఓబన్నా, మీ దిక్కు కిర్రు చెప్పులు ఒక్క జత తేరాదె. నేనొస్తున్ననని ఊరికి తెల్వాలె" అన్నాడు. ఈయన ధర్మవరం అవతల ఒక పల్లెకు పోయి, వాటిని చేసే ముసలాయన్ను వెతికి పట్టుకొని మరీ చేయించాడు. "నీళ్లు తగలనియ్యొద్దు. తడిస్తే తోలు బతుకుతుంది గానీ నోరు పడిపోతుంది" అని ఆ ముసలాయన చెప్పి పంపాడు.

చెప్పులు అటకెక్కాయి. రేపు పోదాం, మాపు పోదాం అనుకుంటూనే ఉన్నాం. ఇంతలో సైదులు కూతురు రేణుక ఫోన్ చేసింది. "నాయిన పోయిండు పెద్దనాయినా. జెరమొచ్చింది, తగ్గలే. పెద్దకర్మకన్న రాండ్రి."

పోయినవాళ్ల పేరున గొడుగూ చెప్పులూ దానమిస్తారు కదా. వాళ్లు నడిచే దారిలో ముళ్లుంటాయని, దాటాల్సిన నది ఒకటుంటుందని పెద్దల మాట. మా ఆయన అటక మీది చెప్పులు దించి ఒళ్లో పెట్టుకొని చాలాసేపు కూర్చున్నాడు. "వాడు అడిగినప్పుడు ఇయ్యలేకపోతి సరోజా. దానంలోనన్నా పెట్టిస్తా. కిర్రుమని నడుస్తూ పోవాల వాడు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే సరేనన్నాను.

సూర్యాపేట

హైదరాబాదులో బస్సు మారి సూర్యాపేటలో దిగేసరికి తెల్లవారింది, సన్నగా తుంపర. బస్సులో ఆడవాళ్లందరూ కార్డు చూపించి టికెట్టు లేకుండా కూర్చుంటుంటే నేనూ ధీమాగా నా ఆధార్ తీశాను. కండక్టరమ్మ తిప్పి చూసి, "మీది ఆంధ్ర కార్డమ్మా, గిది ఈడ నడ్వదు. టికెట్ తీస్కోవాలె" అంది. పక్కసీటామె నా మొహం చూసి నవ్వింది. నవ్వదా మరి.

బస్టాండు బయట ఇడ్లీ తిన్నాం. ప్లేటు నలభై. మా ఊళ్లో అయితే పొద్దున్నే ఉగ్గాని, పక్కన బజ్జీ. ఇక్కడివాళ్లకు ఉగ్గాని అంటే ఏమిటో చెప్పాల్సి వచ్చింది. "బొరుగుల ఉప్మానా?" అన్నాడు హోటలాయన. కాదని చెబితే ఆయనకు అర్థం కాలేదు, అవునంటే మా ఊరికి అవమానం. ఊరుకున్నాను.

హోటలు ఎదురుగా గోడవార ప్లాస్టిక్ పట్టా కింద ఒకామె చెప్పులు కుడుతోంది. పేరు యాదమ్మ. గట్టి మనిషి, నోట్లో వక్కపలుకు. వాగుల్లో నీళ్లున్నాయని బస్సులో విన్నాను కాబట్టి, మా ఆయన షుగరు చెప్పులకు వెనక మడమ పట్టీ వేయించాలని నా పంతం. ఈయనకు అక్కర్లేదట. "ఊడిపోయేదానికి నేనేమన్నా పరుగు పందెంలో ఉండానా?"

యాదమ్మ ఆయన మాట పట్టించుకోలేదు. "గీ చెప్పులు నీళ్లల్ల జారుతయి పెద్దాయనా. ఎనక పట్టీ లేకుంటే చెప్పొక దిక్కు, నువ్వొక దిక్కు. ఇగ తియ్యి, అయిదు నిమిషాల్ల ఏస్తా" అంది.

పట్టీ కుడుతుండగా సంచిలోని చెప్పులు చూపించమంది. ఒకటి చేతిలోకి తీసుకొని వాసన చూసి, అడుగున బొటనవేలితో నొక్కింది. కిర్రుమంది. వక్కపలుకు ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మారింది.

"మా మామ చేస్తుండె గిసువంటియి. ఎవరికి?"

"పోయినోడికి" అన్నాడు మా ఆయన. తడిస్తే నోరు పడిపోతుందని ముసలాయన చెప్పిన మాట కూడా చెప్పాడు.

"తడిస్తే ఏం కొంప మునగదు" అంది యాదమ్మ. "ఎండల పెట్టొద్దు, పొయ్యికాడ పెట్టొద్దు. లోపల కాయితాలు కుక్కి నీడల ఆరబెట్టి ఆముదం రాయాలె. గాని నిజమే, మళ్ల గీ సప్పుడు రాదు." పట్టీకి ముప్పై రూపాయలు తీసుకుంది. చెప్పు తిరిగిస్తూ దానిని ఒకసారి కళ్లకద్దుకుంది. చెప్పును కళ్లకద్దుకున్న మనిషిని నేను అదే మొదటిసారి చూడటం.

కోదాడ

నేరుగా మిర్యాలగూడ పోవచ్చు. కానీ వెంకటేశ్వర్లును చూడకుండా ఎట్లా పోతాం? పెద్ద రోడ్డెక్కి కోదాడకు పోయాం. మధ్యాహ్నం వాళ్లింట్లో భోజనం. ఈ ఊరి మాట అప్పుడే విజయవాడ వైపు తిరిగిపోయినట్టు ఉంటుంది. కూరలూ అంతే. పప్పులో నెయ్యి, గోంగూర పచ్చడి, వడియాలు. వడ్డించినవి చాలవన్నట్టు వెంకటేశ్వర్లు పక్కన నిలబడి బలవంతం చేస్తూనే ఉన్నాడు.

"నేనూ వచ్చేవాడినేరా ఓబులేసూ. మోకాళ్లు సహకరించట్లా. మెట్టు దిగాలంటే ఏడుపొస్తంది" అన్నాడు. లోపలికి పోయి కొత్త గొడుగు ఒకటి తెచ్చాడు. నల్లది, పొడుగు కర్రది. "చెప్పులు నువ్వు తీసుకెళ్తన్నావు, గొడుగు నాది. వాడికి ఎండ పడదు, తెలుసుగా."

మా ఆయన సంచి విప్పి చెప్పులు చూపించాడు. వెంకటేశ్వర్లు వాటిని ఒకటొకటిగా ముట్టుకొని చూశాడు. తర్వాత, "రెండూ తెచ్చావా?" అన్నాడు.

"చెప్పులు జతగా కాక ఒక్కొక్కటి తెస్తారా అన్నా?" అన్నాను నేను.

ఆయన నవ్వబోయి నవ్వలేకపోయాడు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ మా ఆయన కాళ్ల వైపు చూశాడు. "వాడి కాళ్లు జాగ్రత్తగా చూసుకో సరోజమ్మా" అన్నాడు నాతో. ముసలితనంలో మాట తడబడుతోంది కాబోలు, మతిమరుపు కూడా మొదలైంది పాపం అనుకున్నాను. ఎంత తప్పుగా అనుకున్నానో రెండో రోజుకు గానీ తెలియలేదు.

మిర్యాలగూడ

హుజూర్‌నగర్ మీదుగా సాయంత్రానికి మిర్యాలగూడ చేరాం. ఊరు ఇంకా రాకముందే వాసన వస్తుంది. ఉడికిన వడ్ల వాసన, దాని వెనకే ఊక పొగ. మిల్లుల చిమ్నీలు కనబడగానే మా ఆయన కిటికీకి ముక్కు ఆనించి కూర్చున్నాడు. "ఆ గేటు దగ్గర నేనూ సైదులూ లోడు కోసం ఎన్ని పగళ్లు పడుకున్నామో. వాడు గురకపెడితే హమాలీలు లేచి పోయేవాళ్లు" అన్నాడు. మిల్లు మిల్లుకూ ఒక కథ చెప్పాడు. ఆపమని నేననలేదు.

చెప్పులు చుట్టడానికి గట్టి పాలిథీన్ కవరు కావాలి. ధాన్యం కొట్టొకటి తెరిచి ఉంది. గల్లా దగ్గర తెల్ల చొక్కా, నుదుటన బొట్టు పెట్టుకున్న పెద్దమనిషి. తాతల నాటి నుంచి అక్కడే వ్యాపారమట. ఎందుకని అడిగితే చెప్పాను. ఆయన లోపలికి కేకేసి బస్తాలో వేసే మందపాటి కవరు తెప్పించాడు. డబ్బులివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"దినాలకు పోతున్నరు. గసువంటి దానికి పైసలు తీస్కుంటరా అమ్మా? మా కొట్టుల గా ఆచారం లేదు."

మా వైపు కూడా పాడెకు తాడు అమ్మినవాడు బేరమాడడు గానీ, కవరు దగ్గర కూడా ఈ పట్టింపు ఉందని నాకు తెలియదు. దండం పెట్టి వచ్చాను.

లాడ్జి గదిలో మా ఆయన మంచం మీద కూర్చొని ఆ చెప్పులకు ఆముదం పట్టించాడు. కుట్టు కుట్టులోకీ వేలితో దిగేలా రుద్దాడు. తర్వాత కవరులో పెట్టి, గాలి లేకుండా చుట్టి, పురికొసతో కట్టి, దాని మీద తువ్వాలు చుట్టాడు. పసిబిడ్డకు కూడా అంత చుట్టి ఉండడు. నేను కింద కూర్చొని ఆయన పాదాలు ఒళ్లో పెట్టుకొని వేళ్ల సందులు తుడిచి చూశాను. రెండూ శుభ్రంగా ఉన్నాయి. ఆ మాట ఇక్కడ రాయకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ సాయంత్రానికి ఆయన కాళ్లు రెండూ శుభ్రంగా ఉన్నాయి.

వాగు

మర్నాడు నిడమనూరు దాటాక ఆటో లోపలి దారి పట్టింది. రెండు పక్కలా నాట్లు వేస్తున్న మడులు. ఇన్ని నీళ్లు, ఇంత పచ్చదనం ఒక్కసారిగా చూస్తే మా కళ్లకు ఓర్వలేనితనం పుడుతుంది. సైదులు ఊరికి ఇవతల వాగు మీద చిన్న కల్వర్టు ఉంది, దాని మీదుగా నీళ్లు పారుతున్నాయి. ఆటో ఆగిపోయింది. పిక్కల దాకా లోతు, పెద్ద ఉరవడి లేదు. జనం అటూ ఇటూ నడుస్తూనే ఉన్నారు. ప్యాంట్లు మడిచి, చీరలు ఎగగట్టి, చెప్పులు మాత్రం అందరూ చేతుల్లో పట్టుకొని.

ఒకరు కూడా కాళ్లకు చెప్పులతో దిగలేదు. మా దగ్గరా అంతే కదా. తోలుచెప్పులైనా, హవాయి చెప్పులైనా నీళ్లొచ్చేసరికి చేతికి ఎక్కుతాయి. చెప్పు తడిస్తే పాడవుతుందని ఒకటి, గంగమ్మను చెప్పుకాళ్లతో తొక్కకూడదని ఇంకొకటి.

నాటుకు పోతున్న తండా ఆడవాళ్లు ఇద్దరు మాతో పాటు ఒడ్డుకొచ్చారు. ఒకామె పేరు కమిలి. నేను భయపడుతున్నానని కనిపెట్టి, "నా చెయ్యి పట్టుకో అమ్మా, నడుమల నడువు, అంచుకు పోకు" అంది. పక్కామెతో తమ భాషలో ఏదో అని నవ్వింది. నా గురించే అయ్యుంటుంది. బట్టల సంచి నెత్తిన పెట్టుకొని, గొడుగు చంకన పెట్టుకొని, వెనక్కి తిరిగి మా ఆయనకు ఒకటే మాట చెప్పాను.

"చెప్పులు ఇడిచేది లేదు. పట్టీ బిగించుకో."

"ఆఁ, ఆఁ, పో" అన్నాడు.

నేను దిగాను. కింద సిమెంటు పాచిపట్టి ఉంది, జారకుండా అడుగు వేయడమే గగనమైపోయింది. కళ్లు నా కాళ్ల మీదే. అవతలి ఒడ్డు ఎక్కాక తిరిగి చూశాను.

ఆయన వస్తున్నాడు. కిర్రు చెప్పుల మూట నెత్తిన, దానిని ఒక చెయ్యి పట్టుకొని ఉంది. రెండో చేతిలో ఆయన సొంత షుగరు చెప్పులు, యాదమ్మ కుట్టిన పట్టీలు వేలాడుతున్నాయి. కాళ్లకు ఏమీ లేదు. మొహంలో నవ్వు. మూట మీద చుక్క పడలేదన్న సంతోషం.

ఒడ్డెక్కి నిలబడి, "చూడు, అంతా పొడిగా ఉండాది" అన్నాడు. ఆయన కుడి పాదం కింద తడిసిన సిమెంటు ఎర్రగా మారుతోంది. ఆయన నా మొహం చూసి, "ఏమైందే?" అన్నాడు. నా మొహాన్ని చూశాడు గానీ తన కాలు చూసుకోలేదు. చూసుకోవాలని ఆయనకు ఎట్లా తెలుస్తుంది?

కమిలే ముందు కదిలింది. "గా తాత కాలు సూడు, రగతం!" అని అరిచి ఆయన్ను రాయి మీద కూర్చోబెట్టి కాలెత్తింది. బొటనవేలి కింద అడ్డంగా తెగింది. అందులో సీసాముక్క ఇంకా మెరుస్తోంది. మంచి కాలు. ఉన్న ఒక్క మంచి కాలు.

అప్పుడు తిట్టాను. ఏమేం తిట్టానో ఇక్కడ రాయను. "నీకు ఎన్నిసార్లు చెప్పాలి? ఆ తోలుకు ఆముదం రాస్తే బాగవుతుంది, ఈ కాలికేం రాయమంటావు?" అన్నది మాత్రం గుర్తుంది. నాటుకు పోయేవాళ్లందరూ ఆగి చూశారు. చూస్తే చూడనీ.

ఆయన తల వంచుకున్నాడు. "గంగమ్మలో చెప్పులేసుకొని ఎట్ల నడిచేదే? ఆలోచన కూడా చెయ్యలేదు. చెయ్యి దానంతటదే పాయ."

కమిలి తన తాగే నీళ్ల సీసాతో గాయం కడిగి, ముక్క తీసేసి, తన పొడి తువ్వాలుతో అద్ది గట్టిగా కట్టింది. కట్టేటప్పుడు కూడా ఆయన "అబ్బా" అనలేదు. ఆ అనకపోవడమే నన్ను వణికించింది. "నొప్పి లేదా తాతా?" అని కమిలి అడిగింది. లేదన్నాడు. ఆమె నా వైపు చూసి కట్టుకు ఇంకో ముడి వేసింది.

సైదులు ఇల్లు

రేణుక గడపలోనే నన్ను పట్టుకొని ఏడ్చింది. ఇక్కడ ఆడవాళ్లు ఊరికే ఏడవరు. పోయినవాళ్లను పిలుస్తూ, మంచిచెడ్డలు చెప్పుకుంటూ రాగం తీసి ఏడుస్తారు. "మీ దోస్తు వచ్చిండే నాయినా, లేసి సూడవా నాయినా" అంటుంటే నేనూ ఆగలేకపోయాను. సైదులు భార్య ముందే పోయింది. ఉన్నది ఈ ఒక్క కూతురే. తండ్రికి కొరివి కూడా తనే పెట్టింది.

మా ఆయన కాలి కట్టు చూడగానే రేణుక ఏడుపు ఠక్కున ఆగిపోయింది. మొహం పాలిపోయింది. "నీళ్లల్లకెల్లి వచ్చినవా పెద్దనాయినా? ఉత్త కాళ్లతోని?" అంది. సమాధానం కోసం ఆగకుండా చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తి, ఊళ్లోని ఆరెంపీ డాక్టరును వెంటబెట్టుకొచ్చింది.

ఆయన గాయం కడిగి, సూది వేసి, కట్టు కట్టాడు. "ఇది నాతోని కాదు. రేపటికల్ల మిర్యాలగూడల పెద్ద దవాఖానల సూపియ్యాలె. లేటు చెయ్యకున్రి" అన్నాడు. ఇప్పుడే పోదామన్నాను నేను. రేపు కార్యం కాగానే అన్నాడు మా ఆయన. నేను అరిచాను. ఆయన అరవలేదు. "వాడిని పంపించి వస్తా సరోజా. అంతే" అన్నాడు. ఆ గొంతు విని నేను ఓడిపోయాను.

గోడకు సైదులు ఫోటో. దాని పక్కన మూలకు ఆనించి రెండు చంకకర్రలు. ఎవరివని అడిగాను.

రేణుక కాసేపు చీర కొంగు మెలిపెట్టింది. "నాయినవే పెద్దమ్మా. కుడికాలు తీసేసిండ్రు, మోకాలి కిందికెల్లి. మడిల నీళ్లకు మడవ తిప్పనీకె దిగిండు. పొలంల చెప్పులేసుకొని ఎవ్వరు దిగరు గద, తల్లి అంటరు. నత్తగుల్ల కోసింది. ఆయినెకు తెల్వనే తెల్వలే. మాకు వాసనొచ్చినంక తెల్సింది."

"మాకు చెప్పలేదేమమ్మా?"

"ఒట్టు పెట్టించుకుండు. కోదాడ పెదబాపుతోని గూడ. 'ఓబన్నకు గిదే బీమారి. తెలిస్తే పరేషానయితడు, చెప్పకున్రి' అన్నడు. మీరు ఫోన్ జేసి చెప్పులు తయారైనయంటే, నవ్వుకుంట, 'భద్రంగ పెట్టు, వచ్చినంక తొడుక్కుంట' అన్నడు. పక్కన నేనే ఉన్న."

మా ఆయన గోడకు వీపు ఆనించి కూర్చున్నవాడు అట్లాగే కూర్చుండిపోయాడు. చేతులు మాత్రం ఒళ్లోని మూట మీద ఉన్నాయి. కోదాడలో వెంకటేశ్వర్లు "రెండూ తెచ్చావా" అని ఎందుకన్నాడో అప్పుడు తెలిసింది.

కిర్రు

మర్నాడు పిట్టకు పెట్టారు. సైదులుకిష్టమైనవన్నీ విస్తరిలో వేసి, కాకి కోసం అందరూ దూరంగా నిలబడ్డారు. మా వైపూ ఇదే ఆచారం. కాకపోతే మా దగ్గర విస్తట్లో రాగిసంగటి తప్పకుండా ఉంటుంది, ఇక్కడ కోడికూర, కల్లు. కాకి ఆలస్యం చేయలేదు. "తిండి కాడ మా మామ ఎన్నడన్న ఆగిండా?" అని ఎవరో అంటే ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు.

తర్వాత వాకిట్లో దానాలు. మా ఆయన మూట విప్పాడు. తువ్వాలు, పురికొస, కవరు ఒక్కొక్కటే తీశాడు. చెప్పులు ఫోటో ముందు పెట్టాడు. తడి లేదు, మచ్చ లేదు, ఆముదంతో నిగనిగలాడుతున్నాయి. జనంలో ఒక ముసలాయన మెల్లగా, "ఒక్కటి పెడితె సరిపాయె గద, కాలు ఒక్కటే ఉండె" అన్నాడు. చెడ్డగా అనలేదు, నిజంగానే సందేహమొచ్చి అడిగాడు.

కార్యం చేయిస్తున్న అయ్యగారు తల అడ్డంగా ఊపాడు. "ఆ లోటు ఈ దేహానికే. పోయే దారిల మనిషి నిండుగ పోతడు. రెండు పెట్టాలె."

దానం పుచ్చుకున్నవాళ్లు వాటిని తొడుక్కొని, గొడుగు పట్టుకొని నాలుగడుగులు వేయాలి. అప్పుడే అవి పోయినవాళ్లకు అందుతాయట. అయ్యగారు చెప్పులు తొడుక్కున్నాడు, వెంకటేశ్వర్లు పంపిన గొడుగు విప్పాడు. వాకిలి నిశ్శబ్దంగా ఉంది. మొదటి అడుగు వేశాడు.

కిర్రు.

రెండో అడుగు. కిర్రు.

రేణుక చెవులు మూసుకోలేదు, కళ్లు మూసుకుంది. "నడుస్తుండు" అంది. "మా నాయిన నడుస్తుండే పెద్దమ్మా. రెండు కాళ్లతోని నడుస్తుండు." అంటూ నా భుజం మీద పడిపోయింది. మా ఆయన వాకిట్లో అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు. పెళ్లయినప్పటి నుంచి ఆయన ఏడవగా చూడటం అదే మొదలు. నిజం చెప్పాలంటే, ఆ చప్పుడు విన్నాక, అది తడవకుండా తెచ్చినందుకు ఆయన మీద నాకున్న కోపం సగం చచ్చిపోయింది. మిగతా సగం ఉంది. ఇప్పటికీ ఉంది.

భోజనాలయ్యాక రేణుక వచ్చి మా ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. కట్టు కట్టిన పాదం రెండు చేతులతో పట్టుకుంది.

"నాయినకు ఆడ రెండు కాళ్లు దొరికినయి. నీయి ఈడనే ఉంచుకో పెద్దనాయినా. ఇంకొకలకు నేను చంకకర్రలు కొనలేను."

ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

తిరుగుదారి

ఆ మధ్యాహ్నమే బయల్దేరాం, నేరుగా మిర్యాలగూడ ఆస్పత్రికి. రేణుక వాగు దాకా వచ్చింది. నీళ్లు బాగా తగ్గాయి. కల్వర్టు మీద బెత్తెడు మందాన పారుతున్నాయి, అంతే. ఆటో అటు ఒడ్డున ఉంది. సైలెన్సరులోకి నీళ్లు పోతాయని ఆటో అతను ఇటు రానన్నాడు.

ఆయన్ను రాయి మీద కూర్చోబెట్టాను, కమిలి కూర్చోబెట్టిన రాయి మీదే. కిర్రు చెప్పులు చుట్టిన కవరు నా సంచిలో ఉంది. కట్టు మీద దాన్ని తొడిగి, చీలమండ పైన పురికొసతో చుట్టి ముడివేశాను. ఆపైన షుగరు చెప్పు తొడిగాను. ఆయన లేచి నీళ్ల అంచుకు వెళ్లాడు.

అక్కడ ఆగి వంగాడు. చెయ్యి మడమ పట్టీ మీదికి పోయింది. నేను నోరు తెరిచాను, మళ్లీ మూసుకున్నాను. రేణుక నా మణికట్టు పట్టుకుంది.

చెయ్యి పట్టీ మీద అట్లాగే ఆగిపోయింది. ఆయన ఇంకొంచెం వంగి దోసిట్లోకి నీళ్లు తీసుకొని నెత్తిన చల్లుకున్నాడు.

"తల్లీ, చెప్పులతో వస్తాండా. ఏమనుకోవద్దు. కాళ్లు కావాల నాకు."

పట్టీ ఇంకో రంధ్రం లోపలికి బిగించాడు. నా వైపు చూసి, "నువ్వు ముందు నడువు" అన్నాడు.

నేను దిగాను. రెండడుగులు వేశాక వెనక నీళ్లల్లో చెప్పుల చప్పుడు మొదలైంది. తపక్, తపక్ అని, బరువుగా, మెల్లగా. నేను వెనక్కి తిరగలేదు. అవతలి ఒడ్డు చేరేదాకా ఆ చప్పుడు వింటూనే నడిచాను.